బరువు తగ్గించే శస్త్రచికిత్స

బరువు తగ్గించే శస్త్రచికిత్స అనగా తీవ్రమైన స్థూలకాయం గలవారిలో జీర్ణాశయం పరిమాణాన్ని తగ్గించడం ద్వారా గాని, చిన్నప్రేగులో ఆహారం ప్రయాణించే మార్గాన్ని మార్చడం ద్వారా గాని శరీర బరువును తగ్గించే శస్త్రచికిత్సల సముదాయం. వైద్య పరిభాషలో దీనిని బేరియాట్రిక్ సర్జరీ అంటారు. గ్రీకు భాషలో "బారోస్" అనగా బరువు. మధుమేహం వంటి వ్యాధులను కూడా ఇది అదుపులోకి తెచ్చుట వలన మెటబాలిక్ సర్జరీ అనే పేరు కూడా వాడుకలో ఉన్నది. ఇది అందం కొరకు చేసే చికిత్స కాదు. చర్మం క్రింద ఉన్న కొవ్వును గొట్టంతో పీల్చివేసే లైపోసక్షన్ వేరు, ఇది వేరు.

ఆపరేషను కొద్ది గంటలలో ముగిసినప్పటికీ, దాని తరువాత పాటించవలసిన ఆహార నియమాలు, విటమిన్ మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం కొనసాగుతాయి. అందువలన ఈ చికిత్స ఖర్చులో రెండు భాగాలు ఉన్నాయి. ఒకటి ఆసుపత్రి బిల్లు, రెండవది ఆ తరువాతి సంవత్సరాల ఖర్చు. పెద్ద నగరాలకు దూరంగా ఉండి, మూత్రపిండ వ్యాధి అధికంగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరం వంటి ప్రాంతాలలో ఈ రెండవ భాగానికి మరింత ప్రాముఖ్యం ఉన్నది.

నేపథ్యం

2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 15-49 సంవత్సరాల స్త్రీలలో సుమారు 24 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం కలిగి ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 36 శాతం, తెలంగాణలో 30 శాతం. పురుషులలో ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, తెలంగాణలో 32 శాతం. ఈ లెక్కలో అధిక బరువు గల వారందరూ చేరి ఉన్నారు. వీరిలో శస్త్రచికిత్స అవసరమయ్యేవారు కొద్దిమంది మాత్రమే. మిగిలినవారికి ఆహార నియమాలు, వ్యాయామం, అవసరమైతే మందులు సరిపోతాయి.

ఎవరికి చేస్తారు

స్థూలకాయాన్ని కొలవడానికి శరీర ద్రవ్యరాశి సూచికను వాడుతారు. దీనినే బి.ఎం.ఐ. అంటారు. కిలోగ్రాములలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే ఈ సూచిక వస్తుంది. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు గల వ్యక్తి సూచిక సుమారు 35.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 1991లో వెలువరించిన సిఫారసుల ప్రకారం సూచిక 40 లేదా అంతకు మించినవారు, 35 దాటి మధుమేహం వంటి తీవ్రమైన అనుబంధ వ్యాధులు గలవారు ఈ చికిత్సకు అర్హులు. భారతీయులతో సహా ఆసియా ప్రజలలో తక్కువ బరువు వద్దనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం, గుండెజబ్బులు వస్తాయి. అందువలన ఆసియా వైద్యులు ఈ హద్దులను అనుబంధ వ్యాధులు లేనివారికి 37.5కు, ఉన్నవారికి 32.5కు తగ్గించారు. 2022లో అంతర్జాతీయ, అమెరికా శస్త్రవైద్య సంఘాలు కలిసి విడుదల చేసిన మార్గదర్శకాలు సూచిక 35 దాటిన వారందరికీ శస్త్రచికిత్సను సిఫారసు చేశాయి. ఆసియా ప్రజలకు 27.5 నుండే దీనిని పరిశీలించవచ్చునని పేర్కొన్నాయి.

సూచిక ఒక్కటే అర్హతను నిర్ణయించదు. ఆహార నియమాలు, వ్యాయామం, మందులతో ముందుగా ప్రయత్నించి ఉండాలి. థైరాయిడ్ వంటి గ్రంథుల లోపాలు ఉంటే వాటిని ముందు సరిచేయాలి. మద్యం లేదా మత్తుపదార్థాలకు బానిసలైనవారికి, చికిత్స లేని తీవ్ర మానసిక వ్యాధులు గలవారికి, ఆపరేషను తరువాత నియమాలు పాటించలేనివారికి దీనిని చేయరు. పొగత్రాగేవారు కొన్ని వారాల ముందే మానివేయాలి.

చరిత్ర

1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ వైద్యులు క్రెమెన్, లిన్నర్ చిన్నప్రేగులో అధిక భాగాన్ని ఆహార మార్గం నుండి తప్పించే పద్ధతిని వివరించారు. దీని వలన బరువు బాగా తగ్గినా కాలేయం చెడిపోవడం, మూత్రపిండాలలో రాళ్ళు, తీవ్రమైన పోషకాహార లోపం వంటి సమస్యలు వచ్చి, తరువాతి దశాబ్దాలలో ఆ పద్ధతిని విడిచిపెట్టారు. 1960లలో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ మేసన్ జీర్ణాశయ బైపాస్‌ను ప్రవేశపెట్టాడు. పుండ్లకు జీర్ణాశయంలో కొంత భాగం తీసివేసిన రోగులు బరువు తగ్గడాన్ని గమనించుట ఇందుకు ఆధారమైంది. 1990లలో చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీ విధానం రావడంతో నొప్పి, ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు తగ్గి ఈ చికిత్స వ్యాప్తి చెందింది.

భారతదేశంలో ఈ రంగపు శస్త్రవైద్యుల సంఘం 2002లో ఏర్పడింది. కేంద్రమంత్రి అరుణ్ జైట్లీ 2014లో ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నప్పుడు దీని గురించి పత్రికలలో విస్తృతంగా చర్చ జరిగింది. తెలుగు రాష్ట్రాలలో ఈ శస్త్రచికిత్సలు ప్రధానంగా హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాల ప్రైవేటు ఆసుపత్రులలో జరుగుతున్నాయి. 2023లో హైదరాబాదులోని ఉస్మానియా సాధారణ ఆసుపత్రిలో 200 కిలోలకు పైగా బరువున్న ఒక యువకునికి ఈ శస్త్రచికిత్స చేశారు.

ముఖ్యమైన పద్ధతులు

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ: జీర్ణాశయంలో సుమారు 75-80 శాతం భాగాన్ని నిలువుగా కత్తిరించి తీసివేసి, మిగిలిన భాగాన్ని అరటిపండు ఆకారంలో సన్నని గొట్టంగా మిగులుస్తారు. ప్రేగులను తాకరు. ప్రస్తుతం ప్రపంచంలో అత్యధికంగా జరుగుతున్న పద్ధతి ఇదే. తీసివేసిన భాగాన్ని తిరిగి అమర్చడం సాధ్యం కాదు. కొందరిలో గుండెమంట, పులిత్రేన్పులు పెరుగుతాయి.

రూ-ఎన్-వై బైపాస్: జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దానికి చిన్నప్రేగును నేరుగా కలుపుతారు. ఆహారం జీర్ణాశయపు మిగతా భాగాన్ని, ఆంత్రమూలాన్ని దాటిపోతుంది. స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు సీజర్ రూ పేరు మీద, ఆంగ్ల అక్షరం వై ఆకారంలో ఉండే కూర్పును బట్టి దీనికి ఆ పేరు వచ్చింది. మధుమేహం, పులిత్రేన్పులు ఎక్కువగా ఉన్నవారికి దీనిని తరచుగా ఎంచుకొంటారు.

ఒకే కూర్పు బైపాస్: దీనిని మినీ బైపాస్ అని కూడా అంటారు. 1997లో అమెరికా వైద్యుడు రాబర్ట్ రట్లెడ్జ్ దీనిని ప్రారంభించాడు. పొడవైన జీర్ణాశయ సంచికి చిన్నప్రేగును ఒకేచోట కలుపుతారు. భారతదేశంలో ఇది ప్రాచుర్యం పొందింది. పోషకాల శోషణ ఎక్కువగా తగ్గుట వలన విటమిన్ లోపాలపై అధిక శ్రద్ధ అవసరం.

పట్టీ పద్ధతి: జీర్ణాశయం పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీని బిగిస్తారు. 2000లలో ఇది బాగా వ్యాపించినా, పట్టీ జారిపోవడం, బరువు తిరిగి పెరగడం వలన ఇప్పుడు చాలా అరుదుగా వాడుతున్నారు.

పనిచేసే విధానం

కడుపు చిన్నదగుట వలన కొద్దిపాటి ఆహారంతోనే నిండుతుంది. అయితే బరువు తగ్గడానికి ఇదొక్కటే కారణం కాదు. ఆకలిని కలిగించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో తయారవుతుంది. స్లీవ్ పద్ధతిలో ఆ భాగం పోవుట వలన ఆకలి తగ్గుతుంది. ఆహారం చిన్నప్రేగు దిగువ భాగానికి త్వరగా చేరినప్పుడు జి.ఎల్.పి-1 వంటి హార్మోనులు అధికంగా విడుదలై, కడుపు నిండిన భావనను కలిగించి, ఇన్సులిన్ ఉత్పత్తిని పెంచుతాయి. అందువలననే చాలామందిలో బరువు తగ్గక ముందే రక్తంలో చక్కెర తగ్గడం కనిపిస్తుంది. మధుమేహానికి మందులు వాడేవారు ఆపరేషను జరిగిన మొదటి రోజుల నుండే వాటి మోతాదును వైద్యుని సలహాపై మార్చుకోవలసి ఉంటుంది.

ఫలితాలు

సాధారణంగా మొదటి 12-18 నెలలలో మొత్తం శరీర బరువులో స్లీవ్ వలన సుమారు నాల్గవ వంతు, బైపాస్ వలన ఇంచుమించు 30 శాతం తగ్గుతుంది. అనగా 120 కిలోల వ్యక్తి సుమారు 85-90 కిలోలకు చేరవచ్చు. తరువాతి సంవత్సరాలలో కొంత బరువు తిరిగి పెరగడం సాధారణం. మధుమేహం, రక్తపోటు, నిద్రలో శ్వాస ఆగిపోయే వ్యాధి, మోకాళ్ళ నొప్పులు చాలామందిలో తగ్గుముఖం పడతాయి. మధుమేహం వచ్చి ఎక్కువ సంవత్సరాలు గడచినవారిలో అది పూర్తిగా తగ్గే అవకాశం తక్కువ.

స్వీడన్‌లో 1987లో ప్రారంభమైన దీర్ఘకాల అధ్యయనంలో సుమారు 2,000 మంది శస్త్రచికిత్స పొందినవారిని, అంతే సంఖ్యలో పొందనివారితో పోల్చారు. శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు తక్కువగా ఉన్నట్లు 2007లో వెల్లడైంది. వారి ఆయుర్దాయం సుమారు 3 సంవత్సరాలు ఎక్కువని 2020లో ప్రచురించారు. అయినప్పటికీ సాధారణ జనాభాతో పోలిస్తే అది తక్కువగానే ఉన్నది.

ప్రమాదాలు

అనుభవం గల కేంద్రాలలో మొదటి నెలలో మరణించే ప్రమాదం వెయ్యి మందికి సుమారు ఒకరి నుండి ముగ్గురి వరకు ఉంటుంది. కుట్ల వద్ద లీకు, రక్తస్రావం, కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం ముఖ్యమైన తక్షణ ప్రమాదాలు. ఆపరేషను తరువాత జ్వరం, గుండెదడ, తీవ్రమైన కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేరాలి. లీకును ఆలస్యంగా గుర్తిస్తే ప్రాణాపాయం కలుగుతుంది.

దీర్ఘకాలంలో ఇనుము, విటమిన్ బి12, విటమిన్ డి, కాల్షియం లోపాలు వస్తాయి. నిరంతరం వాంతులు అవుతున్నవారిలో థయమిన్ అనే విటమిన్ లోపించి మెదడు, నరాలు దెబ్బతినవచ్చు. బరువు వేగంగా తగ్గుట వలన పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడవచ్చు. బైపాస్ జరిగినవారు తీపిపదార్థాలు తిన్న వెంటనే చెమటలు, గుండెదడ, విరేచనాలకు లోనుకావచ్చు. దీనిని డంపింగ్ అంటారు. మద్యం త్వరగా రక్తంలో కలిసి మత్తు అధికమవుతుంది. స్త్రీలు ఆపరేషను తరువాత 12-18 నెలల వరకు గర్భం ధరించకుండా ఉండాలని సూచిస్తారు.

ఖర్చు

భారతదేశంలోని ప్రైవేటు ఆసుపత్రులలో ఈ శస్త్రచికిత్సకు సుమారు 2.5 లక్షల నుండి 5 లక్షల రూపాయల వరకు ఖర్చవుతుంది. నగరం, ఆసుపత్రి, గది తరగతి, పద్ధతిని బట్టి ఇది మారుతుంది. ఈ మొత్తంలో ప్రధాన భాగాలు ఇవి:

* శస్త్రవైద్యుడు, మత్తుమందు వైద్యుల రుసుము
* ఆపరేషను గది, రెండు నుండి నాలుగు రోజుల గది అద్దె
* స్టేప్లర్, దాని కాట్రిడ్జులు
* ముందస్తు పరీక్షలు: రక్తపరీక్షలు, ఎండోస్కోపీ, అల్ట్రాసౌండు, గుండె పరీక్షలు

వీటిలో సామాన్యులకు తెలియనిది స్టేప్లర్ ఖర్చు. జీర్ణాశయాన్ని ఒకేసారి కత్తిరించి, కుట్లు వేసే ఈ పరికరంలో వాడే కాట్రిడ్జులు ఒక్కసారికే పనికివస్తాయి. ఒక్క స్లీవ్ ఆపరేషనుకే అనేక కాట్రిడ్జులు అవసరమవుతాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుల రుసుము, గది అద్దె లేకపోయినా ఈ సామగ్రి ఖర్చు మిగిలి ఉంటుంది. "ప్యాకేజీ" ధరలో కాట్రిడ్జులు చేరి ఉన్నాయా, సమస్య వచ్చి ఐ.సి.యు.లో ఉంచవలసి వస్తే ఎవరు భరించాలి అనే విషయాలను వ్రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

ప్యాకేజీలో చేరని ఖర్చులు కూడా ఉన్నాయి. జీవితాంతం వాడే విటమిన్, కాల్షియం, ఇనుము మాత్రలు, మొదటి నెలలలో ప్రోటీను పొడి, క్రమబద్ధమైన రక్తపరీక్షలు, ప్రయాణాలు, సహాయకుని ఖర్చు, పోయిన కూలి ఇందులోనివే. కొందరికి తరువాత పిత్తాశయ ఆపరేషను గాని, వ్రేలాడే చర్మాన్ని తొలగించే ఆపరేషను గాని అవసరం కావచ్చు. డబ్బులేక మాత్రలు మానివేయడం ఈ చికిత్సలో ప్రమాదకరం. అది కొన్ని సంవత్సరాల తరువాత రక్తహీనతగా, ఎముకల బలహీనతగా, నరాల వ్యాధిగా బయటపడుతుంది.

బీమా, ప్రభుత్వ పథకాలు

భారత బీమా నియంత్రణ సంస్థ 2019లో జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్య బీమాలో ఈ శస్త్రచికిత్సకు చెల్లింపు కొన్ని షరతులకు లోబడి ఉంటుంది. రోగికి 18 సంవత్సరాలు నిండాలి. వైద్యుని సలహా ఉండాలి. సూచిక 40 లేదా ఆపైన ఉండాలి. లేనిచో 35 లేదా ఆపైన ఉండి, తక్కువ తీవ్రత గల చికిత్సలు విఫలమై, స్థూలకాయం వలన వచ్చిన గుండె కండర వ్యాధి, గుండె రక్తనాళాల వ్యాధి, తీవ్రమైన నిద్ర శ్వాస వ్యాధి, అదుపులో లేని రెండవ రకం మధుమేహం వీటిలో ఏదైనా ఉండాలి. దీనితో పాటు ఆయా పాలసీలలోని నిరీక్షణ కాలం కూడా వర్తిస్తుంది.

ఈ హద్దులకు, ఆసియా వైద్య హద్దులకు మధ్య తేడా గమనించదగినది. 160 సెంటీమీటర్ల ఎత్తు గల మధుమేహ రోగికి సుమారు 83 కిలోల వద్దనే వైద్యుడు శస్త్రచికిత్స సూచించవచ్చు. కాని బీమా చెల్లింపుకు సుమారు 90 కిలోలు ఉండాలి. ఈ మధ్యలో ఉన్నవారు సొంత డబ్బు పెట్టుకోవలసి వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ వైద్య పథకం 2024 నుండి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో అమలులో ఉన్నది. ఈ పథకం నిర్ణీత చికిత్సల జాబితాకు, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు మాత్రమే వర్తిస్తుంది. కనుక ఆసుపత్రిలో చేరక ముందే అక్కడి పథకం సహాయకులను సంప్రదించి, ముందస్తు అనుమతి తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకంలో ఈ చికిత్సకు నిబంధనలతో కూడిన అనుమతి ఉన్నది.

ఉద్దానం తీరంలో దూరం, జీవనోపాధి

డొంకూరు శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలో, ఒడిషా సరిహద్దుకు సమీపంలో ఉన్న సముద్రతీర గ్రామం. ఇక్కడ మత్స్యకారులు ఎక్కువ. మండల కేంద్రమైన ఇచ్ఛాపురం హౌరా-చెన్నై రైలు మార్గంపై ఉన్నది. అక్కడి నుండి విశాఖపట్నం రైలులో సుమారు 250 కిలోమీటర్లు. ఒడిషాలోని బరంపురం సుమారు 25 కిలోమీటర్లు మాత్రమే.

ఆపరేషను తరువాత మొదటి సంవత్సరంలో సాధారణంగా 1, 3, 6, 12 నెలలకు వైద్యుని కలవాలి. ఆ తరువాత సంవత్సరానికి ఒకసారైనా వెళ్ళాలి. విశాఖపట్నంలో ఆపరేషను జరిగిన డొంకూరు వాసి మొదటి సంవత్సరపు నాలుగు సందర్శనలకే రానుపోను సుమారు 2,000 కిలోమీటర్లు ప్రయాణించవలసి ఉంటుంది. రక్తపరీక్షలను దగ్గరి పట్టణంలో చేయించుకొని, ఫలితాలను ఫోను ద్వారా వైద్యునికి తెలిపే ఏర్పాటును ముందే చేసుకొంటే కొన్ని ప్రయాణాలు తప్పుతాయి. లీకు వంటి అత్యవసర పరిస్థితి ఇంటికి వచ్చిన తరువాత కూడా ఏర్పడవచ్చు. కాబట్టి మొదటి రెండు వారాలు ఆపరేషను జరిగిన నగరంలోనే ఉండడం క్షేమం. ఆ వసతి ఖర్చును కూడా లెక్కలో చేర్చుకోవాలి.

ఆపరేషను తరువాత నాలుగు నుండి ఆరు వారాల వరకు బరువులు ఎత్తరాదు. వల లాగేవారికి, కొబ్బరి కాయలు మోసేవారికి, పలాస జీడిపప్పు పరిశ్రమలో బస్తాలు ఎత్తేవారికి ఇది నేరుగా ఆదాయ నష్టం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజులలో మత్స్యకారులకు పని నష్టం తక్కువే. అయితే ఎండలు తీవ్రంగా ఉండేది కూడా అప్పుడే. కడుపు చిన్నదైన కొత్తలో ఒకేసారి ఎక్కువ నీరు త్రాగలేరు గనుక వడదెబ్బకు, నీటి కొరతకు గురయ్యే అవకాశం పెరుగుతుంది.

మూత్రపిండాల విషయంలో జాగ్రత్తలు

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా అధికంగా ఉన్నది. మధుమేహం, రక్తపోటు లేని శ్రమజీవులలో కూడా ఇది కనిపించడం దీని ప్రత్యేకత. దీనికి కచ్చితమైన కారణం నిర్ధారణ కాలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది.

ఈ వ్యాధి తొలిదశలలో ఏ లక్షణాలూ చూపదు. అందువలన ఈ ప్రాంతం వారు బరువు తగ్గించే శస్త్రచికిత్సకు ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను పరీక్షలు తప్పక చేయించుకోవాలి. అందుకు కారణాలు ఇవి:

* వాంతులు, తక్కువ నీరు త్రాగడం వలన మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినవచ్చు. ముందే బలహీనంగా ఉన్న మూత్రపిండాలు తిరిగి కోలుకోకపోవచ్చు.
* బైపాస్ తరువాత కొవ్వు సరిగా శోషణ కాక, ప్రేగులలో కాల్షియం దానితో కలిసిపోతుంది. దీనివలన ఆక్సలేటు అధికంగా రక్తంలోకి చేరి, మూత్రపిండాలలో రాళ్ళుగా మారుతుంది. అరుదుగా మూత్రపిండాల వైఫల్యానికి కూడా దారితీస్తుంది. స్లీవ్ పద్ధతిలో ఈ ప్రమాదం తక్కువ.
* ఆపరేషను తరువాత రోజుకు 60-80 గ్రాముల ప్రోటీను తినమంటారు. డయాలసిస్ దశకు చేరని మూత్రపిండ రోగులకు ప్రోటీను తగ్గించమంటారు. ఈ రెండింటి మధ్య మోతాదును మూత్రపిండ వైద్యుడు, ఆహార నిపుణుడు కలిసి నిర్ణయించాలి.
* దుకాణాలలో కొనే నొప్పి మాత్రలలో చాలావరకు మూత్రపిండాలకు హాని చేస్తాయి, బైపాస్ కూర్పు వద్ద పుండ్లు పుట్టిస్తాయి.

మరొకవైపు, స్థూలకాయం కూడా మూత్రపిండాలపై భారం మోపుతుంది. అధిక బరువు కారణంగా మూత్రపిండ మార్పిడికి అర్హత పొందలేని కొందరు రోగులకు, ఆ అర్హత కొరకే కొన్ని కేంద్రాలలో స్లీవ్ శస్త్రచికిత్స చేస్తున్నారు. కనుక మూత్రపిండ వ్యాధి ఉన్నంత మాత్రాన ఈ చికిత్స నిషిద్ధం కాదు. తెలిసి చేయడం, తెలియక చేయడం మధ్యనే తేడా ఉన్నది.

ఆపరేషను తరువాత ఆహారం

మొదటి రెండు వారాలు ద్రవాహారం, తరువాత రెండు వారాలు మెత్తని ఆహారం, అటుపై క్రమంగా మామూలు ఆహారం ఇస్తారు. భోజనంలో ప్రోటీనును ముందుగా, అన్నాన్ని చివరగా తినాలి. ప్రతి ముద్దను బాగా నమలాలి. భోజనంతో పాటు నీరు త్రాగరాదు. అరగంట వ్యవధి ఇచ్చి, రోజంతా గుక్కెడు గుక్కెడుగా త్రాగాలి.

తీరప్రాంతంలో చేపలు, గ్రుడ్లు సులభంగా లభించే ప్రోటీను ఆహారాలు. మొదటి నెలల తరువాత ఖరీదైన పొడుల అవసరం వీటితో చాలావరకు తీరుతుంది. ఎండుచేపలలో ఉప్పు అధికం గనుక రక్తపోటు, మూత్రపిండ వ్యాధి గలవారికి అవి తగవు. ఉద్దానంలో విరివిగా పండే జీడిపప్పులో, అలాగే పాలకూరలో ఆక్సలేటు ఎక్కువ. బైపాస్ జరిగినవారు వీటిని మితంగా తినాలి.

ప్రత్యామ్నాయాలు

జీర్ణాశయంలో గాలి లేదా ద్రవం నింపిన బెలూనును కొన్ని నెలలు ఉంచడం ఒక తాత్కాలిక పద్ధతి. దానిని తీసివేసిన తరువాత బరువు తిరిగి పెరగవచ్చు. స్థూలకాయానికి వారానికి ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లలో టిర్జెపటైడ్ 2025 మార్చిలోను, స్థూలకాయానికి ఉద్దేశించిన మోతాదులో సెమాగ్లూటైడ్ 2025 జూన్‌లోను భారతదేశ విపణిలోకి వచ్చాయి. ఇవి శస్త్రచికిత్స లేకుండా గణనీయంగా బరువును తగ్గిస్తాయి. అయితే మానివేస్తే బరువు తిరిగి పెరుగుతుంది గనుక వీటి ఖర్చు కూడా దీర్ఘకాలికమే. వీటి వలన కలిగే వాంతులు, విరేచనాలతో శరీరంలో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు హాని కలగవచ్చు. శస్త్రచికిత్సను గాని, మందులను గాని ఎంచుకొనేటప్పుడు మొదటి నెల ఖర్చుతో పాటు పదవ సంవత్సరపు ఖర్చును కూడా పోల్చి చూడవలసి ఉంటుంది.